సాగర్ నుంచి శ్రీశైలానికి లాంచీలో

నాగార్జునసాగర్ నుంచి శ్రీశైలానికి కృష్ణానది మీదుగా తెలంగాణ పర్యాటక సంస్థ లాంచీ నడుపుతుంది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వాసులకు దగ్గరలో దొరికే సుదీర్ఘ జలయాత్ర ఇదే. సముద్రం కాదు గానీ, ఆరేడు గంటలు నీళ్ల మీదే గడపాలి.

ముందుగా చూడవలసింది టికెట్ ధర కాదు, నీటిమట్టం. సాగర్ పూర్తిస్థాయి మట్టం 590 అడుగులు. జలాశయం బాగా నిండితేనే పైదాకా లాంచీకి దారి. అందుకే వానాకాలం తర్వాతే ఈ ప్రయాణం, వేసవిలో ఆశ పెట్టుకోనక్కర్లేదు. నీళ్లున్నా వరద ఉధృతి ఉంటే ఆపేస్తారు. బయల్దేరే ముందురోజు ఫోన్ చేసి అడగడం మేలు. రద్దయితే డబ్బు తిరిగొస్తుందా, భోజనం టికెట్‌లోనే ఉందా అన్నదీ అప్పుడే తేల్చుకోవాలి.

దారి పొడవునా రెండు వైపులా నల్లమల కొండలే. మధ్యలో దిగిపోదామంటే ఊరుండదు, సెల్‌ఫోన్ సిగ్నల్ అందదు. రోజూ వేసుకునే మందులు చేతిసంచిలోనే ఉండాలి. శ్రీశైలం డ్యామ్ కింద లింగాలగట్టు దగ్గర దిగి, కొండపైకి రోడ్డు మార్గంలో వెళ్లాలి. దర్శనం, బస, తిరుగు ప్రయాణం ప్యాకేజీలో లేకపోతే విడిగా చూసుకోవాలి.

లైఫ్ జాకెట్ ఉక్కపోతగా ఉంటుందని చాలామంది విప్పేస్తారు, అలా చేయకూడదు. 2019 సెప్టెంబర్ 15న గోదావరి వరదలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగి పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. అలాగే, పరిమితికి మించి జనాన్ని ఎక్కిస్తే ఆ లాంచీ ఎక్కకూడదు.

ఆరేడు గంటలు కూర్చోలేని వృద్ధులకు సాగర్ జలాశయంలోని నాగార్జునకొండ దీవికి వెళ్లే లాంచీ చాలు. గంటలోపే చేరుతుంది, అక్కడి మ్యూజియానికి మాత్రం శుక్రవారం సెలవు.