కన్యాశుల్కము: గిరీశము మాట, బుచ్చమ్మ మౌనము

విజయనగరమున 1892లో తొలిసారి ప్రదర్శితమై, 1897లో అచ్చుపడి, 1909లో ఎంతయో పెంచి తిరుగ వ్రాయబడిన గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కము’ను గూర్చి వెలువడిన విమర్శ అపారము. అందులో పెద్దపాలు గిరీశమునకే దక్కినది. తెలుగువారికి గిరీశము దూరపు చుట్టము వంటివాడు. నాటకము చదువనివారు సైతము అతని చుట్టను, అతని ఇంగ్లీషును ఎరుగుదురు. అతని మాటలు పెండ్లిపందిళ్ళలోను, కచేరీ వసారాలలోను, కళాశాల వార్షికోత్సవములలోను సామెతలవలె చెల్లుచున్నవి. ఒక పాత్రకు ఇంతటి పలుకుబడి లభించుట రచయితకు గౌరవమే. కాని ఆ పలుకుబడి చాటున, నాటకమును లోపల నుండి నడుపుచున్న మరియొక కథ మరుగున పడినది. ఆ కథ బుచ్చమ్మది.

నాటకము పుట్టుకను మొదట జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. విశాఖపట్టణ మండలమున బ్రాహ్మణ కుటుంబములలో శుల్కము పుచ్చుకొని చేసిన వివాహముల పట్టిక నొకదానిని విజయనగర ప్రభువు ఆనందగజపతిరాజు సిద్ధము చేయించెను. మూడు సంవత్సరములకు లెక్కకు దొరికిన పెండ్లిండ్లు 1,034. సొమ్ము పుచ్చుకొన్నామని ఒప్పుకొనుటకు ఎవరికి మాత్రము మనసొప్పును? కావున ఆ పట్టిక సంపూర్ణము కాదు. అందు అయిదేండ్ల పిల్లలు 99 మంది, నాలుగేండ్లవారు 44, మూడేండ్లవారు 36, రెండేండ్లవారు 6, ఏడాది పసికందులు 3. ఆ పసికందుల వెల తలకు 350 మొదలు 400 రూపాయలు. గర్భమునందున్న శిశువులకు సైతము బేరములు కుదిరెడివట. ఈ సంఖ్యలను అప్పారావుగారు తొలికూర్పునకు వ్రాసిన ఆంగ్లపీఠికలో పొందుపరచిరి. హాస్యనాటకమునకు ఇంతకంటె భయంకరమైన ముఖద్వారము ఊహింప శక్యము కాదు.

అయినను నాటకమున అమ్ముడుపోవు పిల్ల దాదాపు కనబడదు. అమ్మువాడు అగ్నిహోత్రావధానులు, కొనువాడు లుబ్ధావధానులు, నడుమ రామప్పపంతులు: వీరి కేకలతో, కోపములతో, లెక్కలతో రంగస్థలము నిండిపోవును. సుబ్బి మాత్రము ఇంటిలో ఎక్కడనో ఆడుకొనుచుండును. తల్లి వెంకమ్మ నూతిలో దూకి నిరసన తెలిపినను బేరము ఆగదు. రచయిత ఇచట చేసిన యుక్తి గమనింపదగినది. వెంకమ్మ అన్నగారైన కరటకశాస్త్రి తన శిష్యుడైన మహేశమునకు ఆడవేషము వేయించి, గుంటూరు శాస్త్రిననుచు వచ్చి, ఆ మగపిల్లవానినే లుబ్ధావధానులకు కట్టబెట్టును. ఈ మోసము ఎట్లు సాగినది? పెండ్లికుమార్తెను ఎవరును చూడలేదు గనుక. అందరును వెలను చూచిరి, వయస్సును చూచిరి, ముహూర్తమును చూచిరి. కన్యయే లేకుండ కన్యాశుల్కము జరిగిపోవుట ఆ దురాచారముపై అప్పారావుగారు వ్రాసిన అతి కఠినమైన వ్యాఖ్య. ప్రేక్షకుడు దానిని కడుపుబ్బ నవ్వుచు స్వీకరించును.

ఇక గిరీశము. అతడు ఎచటనుండి ఊడిపడినవాడు కాడు. వితంతు పునర్వివాహమునకు 1856లోనే చట్టము వచ్చినది. 1881లో కందుకూరి వీరేశలింగముగారు రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహము జరిపించిరి. నాటకము తొలిసారి ఆడునాటికి సంస్కరణ అనుమాట పట్టణములలో ఒక హోదాను సంపాదించుకొన్నది. ఏ మాటకు హోదా వచ్చునో ఆ మాటను అరువు తెచ్చుకొనుటకు ఎవడో ఒకడు వచ్చును. గిరీశము అట్టివాడు. అతనికి ఆస్తి లేదు, ఉద్యోగము లేదు, పట్టము లేదు. ఉన్నది వాక్కు. శిష్యుడైన వెంకటేశమునకు చదువు చెప్పెదనన్న మిషతో కృష్ణరాయపురము అగ్రహారము చేరును. దావాల పిచ్చి గల అవధానిగారిని కోర్టు కాగితముల ఆశతో లోబరచుకొనును. వితంతువైన బుచ్చమ్మ వద్ద సంస్కర్త యగును. ఒకే నోటినుండి ఒకే ధారగా ఇన్ని భాషలు వెడలుట చూచి మనము ముచ్చటపడుదుము. ఆ ముచ్చటలోనే ప్రమాదమున్నది.

బుచ్చమ్మ ఏల లేచిపోయినది? ఈ ప్రశ్నకు వాడుకలో ఉన్న సమాధానము, ఆమె అమాయికురాలు, మాయమాటలకు లొంగినది అని. నాటకమును నిదానముగా చదివినవారికి వేరొకటి తోచును. తనవలె చెల్లెలు కూడ ముసలివానికి భార్య కారాదు అన్నది ఆమె మనస్సునందలి ముల్లు. గిరీశము ఆ ముల్లును కనిపెట్టినాడు. తనతో వచ్చినచో సుబ్బి పెండ్లి తప్పిపోవునని అతడు నచ్చజెప్పును. స్వసుఖము కొరకు గడప దాటుటకు ఆమె ఎన్నటికి ఒప్పుకొనెడిదో చెప్పజాలము. చెల్లెలి కొరకు మాత్రము ఒప్పుకొన్నది. కనుక గిరీశము దొంగిలించినది ఆమె అమాయకత్వమును గాదు, ఆమె త్యాగబుద్ధిని. అతడు చేసిన పనులలో ఇంతకు మించిన నీచము లేదు. కాని ఆ ఘట్టము కూడ అతని వాగ్ధాటితో తడిసి యుండుటచే, పాఠకుడు నవ్వు ఆపుకొనక ముందే అది గడచిపోవును.

నాటకమున వితంతువులు ముగ్గురున్నారన్న సంగతికి విమర్శకులు తగినంత విలువ నీయలేదు. బుచ్చమ్మ పుట్టింట మూలనున్నది. లుబ్ధావధానుల కుమార్తె మీనాక్షి రామప్పపంతులు వలలో చిక్కి అపవాదు మోయుచున్నది. పూటకూళ్ళమ్మ అన్నము వండి అమ్మి స్వతంత్రముగా బ్రతుకుచున్నది. వితంతువునకు ఆనాటి సమాజము ఇచ్చిన దారులు ఇంచుమించు ఈ మూడే. గిరీశము ఈ ముగ్గురిలో ఇద్దరి జీవితములలో ప్రవేశించెను. పూటకూళ్ళమ్మ సొమ్ము తిని, బుచ్చమ్మకు ఉపన్యాసమిచ్చెను. మధురవాణి ఇంట జరుగు మంచముక్రింది ప్రహసనమున పూటకూళ్ళమ్మ చీపురుకట్టతో వచ్చి వెదకుచుండగా, దెబ్బలు గిరీశమునకు బదులు అచటనే దాగిన రామప్పపంతులుకు తగులును. ప్రేక్షకులు గిరీశము తప్పించుకొన్నందులకు సంతోషింతురు. ఆ చీపురు పట్టిన స్త్రీ మోసపోయిన మనిషి యని ఎందరికి తట్టును? అప్పారావుగారు మనలను కావలెననియే ఆ పక్షమున నిలబెట్టిరని అనుకొనుట న్యాయము. తుదకు మన నవ్వునకు మనమే లెక్క చెప్పుకొనవలసివచ్చును.

రెండవ కూర్పులో ఎక్కువగా పెరిగిన పాత్రలలో మధురవాణి ముఖ్యురాలు. ఇట్టి వేశ్య లోకమున ఉండునా అని కొందరు పూర్వమునుండి ఆక్షేపించుచు వచ్చిరి. ఆమెను దేవతను చేసిన మాట నిజమైనచో ఆ ఆక్షేపణకు బలముండెడిది. కాని ఆమె అబద్ధమాడును, పేకాడును, రామప్పపంతులును కీలుబొమ్మవలె ఆడించును, తన కంటె విషయమున పైసాతో సహా లెక్క చూచుకొనును. అందరిలోను ఆమెకున్న ప్రత్యేకత ఒక్కటియే: తన వృత్తికి పేరు మార్చి చెప్పదు. అవధానిగారు కూతును అమ్మి దానిని వివాహమనును. పంతులు తార్పుడుతనము చేసి దానిని లౌక్యమనును. గిరీశము పరస్త్రీని లేవదీసి దానిని సంస్కరణమనును. బేరమును బేరమని పిలుచు మనిషి నాటకమంతటిలో ఆ యొక్కతెయే.

విశాఖపట్టణమున సౌజన్యారావుపంతులు ఇంట జరుగు చివరి ఘట్టము ఈ కారణముననే బరువైనది. హత్యానేరము మోపబడిన లుబ్ధావధానులను కాపాడగల రహస్యము మధురవాణి వద్దనున్నది. మగవేషమున వచ్చి, దానికి మూల్యముగా ఆ వేశ్యావ్యతిరేకిని ముద్దడుగును. ఆయన నియమమునకు, ఒక నిరపరాధి ప్రాణమునకు నడుమ నలిగి, తుదకు ఒప్పుకొనును. అప్పుడామె, చెడనివారిని చెడగొట్టవలదని తల్లి నేర్పిన నీతిని చెప్పి విరమించును. ఆయన ఆమెకు భగవద్గీతను కానుకగా నిచ్చును. అందలి కృష్ణుడు తనవంటివారికి దూరముగా నుండువాడు కాడు గదా యన్న భావమున ఆమె చమత్కరించును. సౌజన్యారావుపంతులు మంచివాడు. నాటకకర్త ఆ మంచితనమును ఎగతాళి చేయలేదు, దానికొక కొరతను మాత్రము చూపెను. మనిషిని చూడకమునుపే వర్గమును చూచి తలుపు మూసికొను మంచితనమది. తలుపు తీయించుటకు మగవేషము కావలసివచ్చినది.

ఈ నాటకము 1955లో చలనచిత్రమైనది. అంతకు రెండేండ్ల క్రిందట ‘దేవదాసు’ను నిర్మించిన వినోదా సంస్థయే దీనిని నిర్మించెను. దర్శకుడు పి. పుల్లయ్య, సంగీతము ఘంటసాల. గిరీశముగా ఎన్.టి. రామారావు, మధురవాణిగా సావిత్రి, బుచ్చమ్మగా షావుకారు జానకి, రామప్పపంతులుగా సి.ఎస్.ఆర్. ఆంజనేయులు, లుబ్ధావధానులుగా గోవిందరాజుల సుబ్బారావు నటించిరి. ఇట్టి సముదాయము మరల దొరకుట దుర్లభము. అయితే నటుని ఎన్నికయే ఒక వ్యాఖ్యానము. 1951లో ‘పాతాళభైరవి’ తోటరామునిగా చూచి ప్రేమించిన ముఖమును గిరీశమునకు తొడిగినచో, ప్రేక్షకుడు అతనిని అనుమానించుటకు కొంత కష్టపడవలెను. రామారావు నటనలో లోపము లేదు. తారకు ముందే లభించియున్న ప్రేమ పాత్రకు అయాచితముగా సంక్రమించుట ఆ మాధ్యమము యొక్క స్వభావము.

మధురవాణి విషయమున అదే మాధ్యమము మేలు చేసినది. నాటకములో ఆమె అంతరంగమును మనము ఆమె మాటల వంపులనుండి ఊహించుకొనవలెను. సమీప చిత్రణములో సావిత్రి కన్నులు ఆ పని చేసినవి. ఎదుటివాని మాట వినుచు, నవ్వు పెదవిపై నిలుపుకొని, చూపును ప్రక్కకు త్రిప్పుటతో ఒక పుట సంభాషణకు సరిపోవు అర్థమును ఆమె ఇచ్చెను. మద్రాసు రాష్ట్రమున దేవదాసీ నిషేధ చట్టము 1947లో వచ్చినది. చిత్రము చూచిన ప్రేక్షకులకు ఆ లోకము చెరగిపోవుచున్న జ్ఞాపకము. శ్రీశ్రీ కవిత నొకదానిని పాటగా ఆమె పరము చేయుటచే ఆ జ్ఞాపకమునకు కొంత మార్దవము, కొంత విషాదము అబ్బినవి. మూలమున ఉన్న పదును ఆ మేరకు తగ్గినదనియు చెప్పవలెను.

చిత్రకారులు చేసిన మరియొక చేర్పు ఇంకను ఆలోచింపదగినది. ముసలివానికి అమ్ముడుపోయి నీటిలో ప్రాణము విడిచిన బాలిక కథను అప్పారావుగారే ‘పూర్ణమ్మ’ గేయమున చెప్పియుండిరి. దానిని చిత్రములో చొప్పించిరి. నాటకమునందు కనబడని సుబ్బి అచట పూర్ణమ్మ రూపమున దర్శనమిచ్చినది. నవ్వుల నడుమ హఠాత్తుగా ఆ శోకము వచ్చి కూర్చొనుట కొందరికి పొసగలేదు. కాని పీఠికలోని ఆ 3 పసికందులను, 6 గురు రెండేండ్లవారిని గుర్తుంచుకొన్నవారికి అది అధికప్రసంగముగా తోచదు.

రంగస్థలము సంగతి వేరు. ఏడంకముల రెండవ కూర్పును ఒక రాత్రిలో సాంతము ఆడుట దుర్ఘటము. కత్తిరింపక తప్పదు. జె.వి. సోమయాజులు, జె.వి. రమణమూర్తి సోదరులు రామప్పపంతులు, గిరీశములుగా పలుచోట్ల ఈ నాటకమును ప్రదర్శించి, విజయనగరపు పలుకుబడిని దూరప్రాంతముల వారికి వినిపించిరి. ఎవరు కుదించినను సాధారణముగా మొదట పోవునవి మీనాక్షి ఘట్టములు, బుచ్చమ్మ ఘట్టములు. నవ్వు పుట్టించు రంగములకు కత్తెర పెట్టుటకు ఏ ప్రయోక్తకు చేయి రాదు. అందుచేత ప్రదర్శన ప్రదర్శనకు గిరీశము పెరుగుచు, అతడు ఎవరిని మోసగించెనో వారు తరుగుచు వచ్చిరి. 2007లో వెల్చేరు నారాయణరావుగారి ఆంగ్లానువాదము వెలువడిన పిమ్మట తెలుగెరుగని పాఠకులు మొత్తము నాటకమును ఒక్కసారిగా చదువగలుగుచున్నారు. గిరీశముతో బాల్యమునుండి చుట్టరికము లేనివారు అతనిని ఎట్లు తీర్చి చూతురో వినుట మనవారికి ప్రయోజనకరము.

నాటకాంతమున గిరీశము గుట్టు బయటపడును. బుచ్చమ్మను పూనాలోని వితంతు శరణాలయమునకు పంపవలెనని సౌజన్యారావుపంతులు నిశ్చయించును. ఆమె మంచికే ఆ నిశ్చయము. తండ్రి ఆమెను ఒక ఇంటికి అమ్మెను, గిరీశము మరొక ఊరికి లేవదీసికొని వచ్చెను, ఇప్పుడు సజ్జనుడొకడు ఇంకొక రాజ్యమునకు పంపుచున్నాడు. వెళ్ళెదవా అని ఆమెను అడిగినవారు లేరు. కథ తనకు ఎదురు తిరిగినదని విసుగుకొను అవకాశము, నాటకములోని ఆఖరి మాటగా, గిరీశమునకే దక్కినది.