కొలతల పుస్తకం ఫోనులోకి చేరాక

మా వీధి చివర, ఇంట్లోనే కుట్టుపని చేసుకునే ఒక సోదరి ఉన్నారు. ఇరవై ఏళ్లుగా మా ఇంటి స్త్రీల దుస్తులన్నీ ఆమె చేతి మీదుగానే వస్తున్నాయి. పూర్వం ఆమె వద్ద అట్ట వేసిన కొలతల పుస్తకం ఉండేది. ఎవరు ఆది జాకెట్టు తెచ్చినా కొలతలు పెన్సిల్‌తో రాసుకుని, ఆ పుస్తకాన్ని బీరువాలో భద్రపరిచేవారు. ఆమె తప్ప మరొకరు దానిని తెరిచేవారు కాదు. కొన్నేళ్లుగా ఆ పుస్తకం కనిపించడం లేదు. కొలతలు, నమూనాలు, లెక్కలు, చివరకు డబ్బు కూడా ఫోనులోకి చేరాయి.

ఇందులో మేలు లేదనడం అన్యాయం. 2016లో యూపీఐ వచ్చినప్పటి నుండి బాకీల కోసం ఇల్లిల్లూ తిరగవలసిన అవసరం తగ్గింది. గుమ్మం దాటకుండానే పొరుగూరి నుండి కూడా పని వస్తోంది. గల్ఫ్‌లో ఉన్న కూతురు ఇక్కడి తల్లికి పండుగ బట్టలు కుట్టించగలుగుతోంది. హలాల్ సంపాదనకు తెరుచుకున్న ఈ ద్వారాన్ని మూసివేయమని ఎవరు అనగలరు?

అయితే గత రమజాన్ చివరి పది రోజుల్లో జరిగినది వినండి. తరావీహ్ అయ్యాక ఆమె మిషన్ ముందు కూర్చునేవారు. కూర్చున్నది మొదలు ఫోను మోగుతూనే ఉండేది. ‘అయ్యిందా?’ ‘ఒక ఫొటో పెట్టండి.’ ‘చేతులు ఇంకో అంగుళం పొడవుగా ఉండాలి.’ రాత్రి పదకొండున్నరకు అలా అడిగిన వారిలో మా ఇంటివారూ ఉన్నారని ఒప్పుకోక తప్పదు. ఒకరికి బదులిచ్చి తలెత్తిన క్షణంలో, ఒకరి కొలతతో మరొకరి గుడ్డ కత్తిరించారు. ఆ గుడ్డ ఖరీదు ఆమె రెండు రోజుల సంపాదనను మింగేసింది. నెలజీతగాడికి పాడైన గంటకు కూడా జీతం అందుతుంది. స్వంత పని చేసుకునేవారికి ఆ గంట తమ గల్లాపెట్టెలో నుండే పోతుంది.

అంతకంటే బరువైన విషయం మరొకటి ఉంది. కొందరు స్త్రీలు ‘ఇలా కుట్టండి’ అంటూ, పరదా లేకుండా తాము ఆ దుస్తులు ధరించిన ఫొటోలే పంపుతారు. వాట్సాప్ సందేశాలకు 2016 నుండి పూర్తి సంకేత రక్షణ ఉన్నమాట నిజమే. కానీ అది దారిలో ఉండే కాపలా మాత్రమే. సెట్టింగు మార్చకపోతే చేరిన ఫొటోలు గ్యాలరీలో కూర్చుంటాయి. గూగుల్ ఫొటోస్‌లో ఆ ఫోల్డరుకు బ్యాకప్ అనుమతించి ఉంటే, అదే ఖాతా తెరిచిన మరో ఫోనులోనూ కనిపిస్తాయి. ఇంటర్ చదివే ఆమె కుమారుడు పాఠాల కోసం రాత్రివేళ ఆ ఫోనే తీసుకుంటాడు. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు.

ఒకనాడు ఫోను అద్దం పగిలింది. మరమ్మతు దుకాణంలో లాక్ నంబరు చీటీపై రాసి ఫోను వెనుక అంటించారు. రెండు రాత్రులు ఆమెకు నిద్ర లేదు. “అందరి ఇళ్ల ఆడపిల్లలూ అందులోనే ఉన్నారు ఆపా” అని నా శ్రీమతి వద్ద కన్నీరు పెట్టుకున్నారు.

ఇతరుల ఇళ్లలో ప్రవేశించే ముందు అనుమతి కోరాలని సూరహ్ నూర్ ఆదేశిస్తోంది. ఆ నియమానికి మూలకారణం చూపేనని హదీసులు స్పష్టం చేస్తున్నాయి. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017లో తీర్పు ఇచ్చింది. ఆమె మాత్రం తీర్పుల గురించి అడగలేదు. తన వద్ద ఉన్న అమానత్ గురించి అడిగారు.

ఫోను తిరిగి రాగానే ఇద్దరూ కూర్చుని వాట్సాప్‌లో మీడియా విజిబిలిటీని, ఆ ఫోల్డరు బ్యాకప్‌ను ఆపివేశారు. మనిషి లేకుండా దుస్తుల ఫొటో మాత్రమే పంపమని అందరికీ తెలిపారు. బట్టలు అప్పగించిన రోజే ఫొటో చెరిపేస్తారు. కుమారుడికి మా ఇంట్లో పడి ఉన్న పాత ఫోను ఇచ్చాం. వాట్సాప్ బిజినెస్‌లో, అస్ర్ నుండి మగ్రిబ్ వరకే జవాబిస్తానని తెలిపే సందేశం పెట్టుకున్నారు. గిరాకీ పోతుందేమోనని ఆమె చాలా భయపడ్డారు. జుమాకు దుకాణం మూసే వ్యాపారిని గిరాకీదారులు విడిచిపోలేదు కదా, వేళ ముందే తెలిస్తే వారే సర్దుకుంటారని నేను కబురు పంపాను. ఇద్దరు వెళ్లిపోయిన మాట వాస్తవమే.

ఈ నెల మా అమ్మాయి నికాహ్ దుస్తులకు గుడ్డ ఇచ్చాం. అస్ర్ తర్వాత రమ్మన్నారు. బీరువాలో నుండి అట్ట వేసిన కొత్త పుస్తకం తీసి, కొలతలు పెన్సిల్‌తోనే రాసుకున్నారట.