అడిగితే చెప్పేవాళ్లున్నారు

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ఇంటెల్ ప్రాసెసరైతే ఎనిమిదో తరానికి తగ్గకూడదు. కావలి, అల్లూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు... నెల్లూరు తీరం పొడవునా పెళ్లిపత్రికలు, కరపత్రాలు, అఫిడవిట్లు టైపు చేసే పాత మిషన్లకు ఆ యోగ్యత లేదు. మిషను మాత్రం శుభ్రంగా నడుస్తోంది.

తుక్కుకు వెయ్యక్కర్లేదు, విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింటో డెబియనో ఎక్కించుకోండి అని ప్రపంచమంతా స్వచ్ఛంద కార్యకర్తలు చెబుతున్నారు. ఇందుకోసం కేడీఈ బృందం, ఇంకొందరు కలిసి 'ఎండ్ ఆఫ్ 10' పేరుతో ప్రచారమే మొదలుపెట్టారు. ఎక్కించడం అరపూట పని. మర్నాడు ప్రింటరు కదలకపోతే, తెలుగు ఒత్తు విడిపోతే ఎవరిని అడగాలన్నదే అసలు చిక్కు.

లినక్స్ పుట్టుకలోనే అడగడం ఉంది. 1991 ఆగస్టు 25న హెల్సింకిలో చదువుకుంటున్న లినస్ టోర్వాల్డ్స్, తానొక చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నానని, అందులో ఏమేం ఉంటే బాగుంటుందో చెప్పమని మినిక్స్ అనే మరో సిస్టమ్ వాడేవాళ్లను అడిగాడు. రెండేళ్లకు ఇయాన్ మర్డాక్ డెబియన్ మొదలుపెట్టాడు. దానికి యజమాని కంపెనీ అంటూ లేదు. ఎవరైనా లోపం చెప్పుకోవచ్చు. చెప్పిన ప్రతి లోపానికీ ఒక నంబరు పడుతుంది, అది తీరిందో లేదో లోకమంతా చూడవచ్చు. డెబియన్ వాళ్ల వార్షిక సమావేశం 2023 సెప్టెంబరులో మన పక్కనే కొచ్చిలో జరిగింది.

ఈ పద్ధతి విలువ తెలియాలంటే 2018 ఫిబ్రవరి గుర్తుచేసుకోవాలి. 'జ్ఞా' కూర్పు మధ్యలో కంటికి కనబడని విడదీత గుర్తు ఒకటి కలిసిన సందేశం వస్తే చాలు, ఐఫోనులో దాన్ని చూపే యాప్ కుప్పకూలేది. ఆపిల్ ఐఓఎస్ 11.2.6 వెర్షన్ పంపిందాకా ఫోను కొన్నవాళ్లు ఎదురుచూడాల్సి వచ్చింది. లినక్స్‌లో తెలుగు ఒత్తుల్ని కూర్చేది హార్ఫ్‌బజ్. దాని కోడ్ అందరి ముందూ ఉంటుంది. తప్పు కనిపెట్టినవాళ్లు చూపించవచ్చు, చేతనైనవాళ్లు దిద్దవచ్చు. మన అక్షరం మీద మనకుండాల్సిన కనీస హక్కు ఇది.

డీటీపీ వాళ్లను వెనక్కి లాగేది మాత్రం అను ఫాంట్లు. పేజ్‌మేకర్‌లో అనుతో కూర్చిన తెలుగు యూనికోడ్ కాదు. తెర మీద 'క' కనిపిస్తున్నా కంప్యూటరు దృష్టిలో అది వేరే ఏదో గుర్తు. ఫాంటు తీసేస్తే పత్రిక మొత్తం గజిబిజి. పైగా చేతివేళ్లు ఆ కీబోర్డుకే అలవాటుపడ్డాయి. దీనికి మంత్రం లేదు. పాత ఫైళ్లకోసం ఒక మిషన్ను నెట్‌కు తగిలించకుండా విండోస్‌తోనే ఉంచుకుని, కొత్త పనిని యూనికోడ్‌లో మొదలుపెట్టడం మంచిదని నా నమ్మకం. అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లున్నాయి, కాకపోతే మార్చాక ప్రూఫు చూసుకోక తప్పదు. పేజీలు కట్టడానికి స్క్రైబస్ ఉంది. 2017 నాటి 1.5.3 వెర్షన్‌తో అది మన ఒత్తుల్ని సరిగా కూర్చడం నేర్చుకుంది. ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు కొట్టేవాళ్లకు ఆర్‌టీఎస్ ఉంది. అమెరికాలోని రైస్ యూనివర్సిటీలో ఉన్న తెలుగువాళ్లు 1990ల మొదట్లో తమ అవసరానికి కల్పించుకున్న పద్ధతి అది.

ఫాంట్ల బెంగా అక్కర్లేదు. తిరుమల కృష్ణదేశికాచారి చేసిన పోతన, వేమన ఉన్నాయి. సిలికానాంధ్ర పూనికతో వచ్చిన మండలి, పెద్దన, సురన్న, గిడుగు ఉన్నాయి. ఉబుంటు అనే లినక్స్‌లో 'ఫాంట్స్-తెలుగువిజయం' అనే ఒక్క ప్యాకేజీ ఎక్కిస్తే ఈ రెండో వరస అంతా వచ్చేస్తుంది. 2005లో హైదరాబాదులో మొదలైన స్వేచ్ఛ సంస్థ వలంటీర్లు డెబియన్ ఆధారంగా తెలుగు ఆపరేటింగ్ సిస్టమే తయారుచేశారు. మెనూల్లో మాట మాటనూ తెలుగు చేసినవాళ్లలో కాలేజీ పిల్లలు ఎందరో.

ఇంత ఉన్నా తెలుగులో జవాబు దొరకడం కష్టంగానే ఉంది. తెలిసినవాళ్లు లేక కాదు, తెలిసినవాళ్లకూ అడిగేవాళ్లకూ ముఖపరిచయం లేక. కోర్టుల సంగతే చూడండి. సుప్రీంకోర్టు ఈ-కమిటీ దేశంలోని జిల్లా, తాలూకా కోర్టులకు ఉబుంటును ఎంచుకుని, దాన్ని కోర్టు పనికి తగ్గట్టు మార్పించింది. జడ్జీలకు, సిబ్బందికి శిక్షణ ఇప్పించి, వాళ్లలోంచే మాస్టర్ ట్రైనర్లను తయారుచేసింది. అంటే లినక్స్ మీద రోజూ పనిచేసే గుమాస్తాలు కోర్టు లోపలున్నారు. అదే కోర్టుకు అఫిడవిట్లు టైపు చేసిచ్చే షాపులు రోడ్డుకు ఇవతలున్నాయి. "అన్నా, నీ మిషన్లో ప్రింటరు ఎట్టా పలికింది?" అని ఒక్కమాట రోడ్డు దాటితే చాలు.

ఊరి జనం ఒకరికొకరు చదువు చెప్పుకోవడం నెల్లూరు జిల్లాకు తెలుసు. 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమపు రాత్రి బడుల్లో పాఠం చుట్టూ నడిచిన మాటల్లోంచే 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీదికి లేచారు. అప్పుడు పలక పట్టించినవాళ్లూ జీతాలకు వచ్చినవాళ్లు కాదు.

ఇప్పుడు అలా ఒకరికొకరు చెప్పుకోవాల్సిన సంగతికి ఉదాహరణగా, మన డీటీపీ సెంటర్లకు బాగా పరిచయమున్న కానన్ ఎల్‌బీపీ 2900నే తీసుకోండి. అది కంపెనీ సొంత భాషలో తప్ప మాట్లాడదు. కానన్ ఇచ్చిన లినక్స్ డ్రైవరు పాతబడిపోయింది. ఆ ప్రింటరుకూ కంప్యూటరుకూ మధ్య నడిచే సంభాషణను ఓపిగ్గా విని, విప్పి, 'క్యాప్ట్‌డ్రైవర్' అని సొంతంగా రాసి ఉచితంగా పెట్టినవాళ్లున్నారు. దాన్ని కావలిలో నడిపించగలిగినవాళ్లు ఏ రకం లినక్స్ (డిస్ట్రో), ఏ వెర్షన్, ముందు ఏ ప్యాకేజీ ఎక్కించారో, మొదట తెర మీద వచ్చిన ఎర్రర్ ఏమిటో అక్షరం పొల్లుపోకుండా, చివరికి ఏ కమాండుతో కాగితం బయటికొచ్చిందో తెలుగులో రాసి పెట్టాలి. అల్లూరు షాపువాళ్లు వెతికేది సరిగ్గా ఆ నాలుగు వాక్యాలే.