పటంలో స్థానం తప్పిన బావి

నైట్రేటు మితిమీరిన బావి కంప్యూటర్ పటంలో పొరుగువారి స్థలంలో పడితే, హెచ్చరిక వారికి చేరుతుంది. ఆ నీళ్లు మాత్రం అసలు ఇంటి పసిబిడ్డకే పడతారు. అమెరికా క్షేత్ర కార్యాలయాలలో ఇట్టి పొరపాటుకు ఒక కారణం సాఫ్ట్‌వేర్ కాదు, డేటమ్. అనగా అక్షాంశ రేఖాంశాలను లెక్కించుటకు తీసుకున్న ఆధారం. 1927 నాటి డేటమ్‌కు కాన్సస్‌లోని మీడ్స్ రాంచ్ మూలబిందువు. 1983 నాటి దానికి భూకేంద్రం. ఒకే అంకెలను రెండింటిలో గుర్తిస్తే కాలిఫోర్నియాలో సుమారు 90 మీటర్ల తేడా వస్తుంది.

షేప్‌ఫైల్‌ను కాపీ చేసేటపుడు దాని తోడు ‘పీఆర్‌జే’ ఫైలు జారిపోతే, అంకెలు ఏ డేటమ్‌వో యంత్రానికి తెలియదు. బిందువులను మౌస్‌తో లాగి సరిపెట్టరాదు (తొందరలో చాలామంది చేసే పని అదే!). కొలిచినవారి నోటుపుస్తకం చూచి, ముందు పాత డేటమ్‌ను ఫైలుకు తెలపాలి, తరువాతనే మార్పిడి. మార్చకుండా కొత్త పేరు మాత్రం తగిలిస్తే తప్పు అలాగే ఉండి, సరిచేసినట్లు నమోదవుతుంది. పిమ్మట తెలిసిన రోడ్డు కూడలి ఒకటి పటంలో సరిగా కూర్చున్నదో లేదో చూడాలి.