అతిశయోక్తి సినిమాలను ఆస్వాదించుట



నేటి ప్రసంగమునకు నేనెన్నుకొన్న విషయము మీలో కొందరికి వింతగా తోచవచ్చును. జపాను దేశపు బొమ్మల సినిమాల పోకడను అనుసరించి తీయబడిన పోరాట సినిమాలను గూర్చి చెప్పదలచితిని. మీ యిండ్లలో మనుమలు సెల్‌ఫోనులోనో టెలివిజనులోనో వీనిని చూచుచుండగా మీరును కనియేయుందురు. పర్వతమంత యంత్రపురుషుడు సముద్రములో నడచును. వీరుడు దెబ్బ కొట్టుటకు ముందు ఆ దెబ్బ పేరు బిగ్గరగా చెప్పును. ఆకాశమునుండి పడినవాడు దుమ్ము దులుపుకొని లేచును. విమర్శకులు పలువురు వీనిని చౌకబారు సినిమాలందురు. నేను వీనిని మక్కువతో చూచువాడను. ఆ మక్కువకు ఆధారమేమో, వీనిలో మంచిదానిని ఎట్లు గుర్తింపవచ్చునో మనవి చేసెదను.

జపానీయులు బొమ్మల సినిమాను యానిమే అందురు. దాని శైలి కొంతవరకు లేమినుండి పుట్టినది. సినిమా ఫిల్ములో సెకనుకు 24 ఫ్రేములు నడచును. బొమ్మలు చక్కగా కదలవలెనన్నచో వేలకొలది చిత్రములు గీయవలెను. 1963 జనవరి 1వ తేదీన ఒసాము తెజుకా అను చిత్రకారుడు ‘ఆస్ట్రో బాయ్’ అను పేర లోకమునకు తెలిసిన బొమ్మల కథను టెలివిజనులో ప్రారంభించెను. వారమునకొక భాగము సిద్ధము కావలెను, ధనము స్వల్పము. కావున ఒక్కొక్క బొమ్మను మూడేసి ఫ్రేములకు వాడి, సెకనుకు ఎనిమిది బొమ్మలతో సరిపుచ్చిరి. పాత్రను నిశ్చలముగా నిలిపి నోరు మాత్రమే కదల్చుట, వెనుక గీతలను పరుగెత్తించి వేగమును సూచించుట, ఒకసారి గీసిన దృశ్యమును దాచి మరల వాడుట మొదలగు ఉపాయములు పన్నిరి. ఖర్చు తగ్గించుటకు పన్నిన ఉపాయమే క్రమముగా అందమైనది. దెబ్బకు ముందు వీరుడు కదలక నిలిచిన ఆ నిమేషమున చూచువాని గుండె వేగము హెచ్చును.

తరువాత 1972లో గో నగాయ్ సృష్టించిన ‘మజింగర్ జెడ్’ వచ్చెను. ఇందొక తాత మహాయంత్రమును నిర్మించి, మరణించుచు దానిని మనుమనికి అప్పగించును. ఆ బాలుడు యంత్రము తలపై కూర్చుండి దానిని నడుపవలెను. ఆ బలముతో దేవుడైనను కావచ్చును, రాక్షసుడైనను కావచ్చునని తాత వానిని హెచ్చరించును. యంత్రము కల్పితమే. పెద్దలు కూడబెట్టిన బలమును పిల్లలెట్లు వాడుదురో అను చింత మాత్రము ఏ యింటిలో లేదు?

ఈ పోకడ జపాను దాటి అమెరికాకు ప్రాకినది. 2013లో గియెర్మో దెల్ తోరో అను మెక్సికో దేశస్థుడు ‘పసిఫిక్ రిమ్’ అను సినిమా తీసెను. బాల్యమున జపాను రాక్షస కథలను చూచి పెరిగినవాడితడు. పసిఫిక్ సముద్రపు అడుగున బీటవారిన చోటినుండి రాక్షసమృగములు లేచివచ్చును. దేశములన్నియు కలిసి మహాయంత్రములు నిర్మించి వానితో పోరును. హాంగ్‌కాంగు వీధులలో ఒక యంత్రము సరకుల ఓడను దుడ్డుకర్రవలె ఈడ్చుకొనివచ్చి మృగమును మోదును. చూచినప్పుడెల్ల నేను నవ్వుదును. ఆ నవ్వు ఎగతాళి కాదు. పసివాడు తాత చెప్పులు తొడుగుకొని నడచినప్పుడు మనము నవ్వునట్టి నవ్వది.

ఆ నవ్వు వెనుక మరియొకటి కలదు. ఆ యంత్రభారమును ఒక్కని మనస్సు మోయజాలదు. ఇరువురు మనస్సులు కలిపి నడుపవలెను. అట్లు కలిపినప్పుడు ఒకరి జ్ఞాపకము మరియొకరికి దాగదు. మాకో అను యువతి తొలిసారి యంత్రమెక్కినప్పుడు చిన్ననాటి జ్ఞాపకములో చిక్కుపడును. కూలిన టోక్యో వీధిలో తల్లిదండ్రులను కోల్పోయి, ఎఱ్ఱని చెప్పు చేతబట్టుకొని ఏడ్చుచు నడచిన పిల్ల ఆమె. అటుపై ఆమె కొట్టు ప్రతి దెబ్బకును అర్థము కలుగును.

ఈ సినిమా చివర దర్శకుడు దానినంకితము చేసిన ఇరువురిలో ఇషిరో హోండా ఒకడు. హోండా తీసిన ‘గోజిరా’ 1954 నవంబరులో వెలువడెను. జపాను నగరములు బాంబులకు కాలినది 1945లో. 1954 మార్చిలో అమెరికా బికినీ దీవులయందు హైడ్రోజను బాంబును పరీక్షింపగా, జపాను చేపల పడవ యొకదానిపై విషధూళి కురిసెను. నగరమును త్రొక్కు ఆ మహామృగము అట్టి భయమునుండి పుట్టినది. శోకము మనిషి కొలతకు మించినప్పుడు బొమ్మయు కొలతకు మించకతప్పదు.

మన ఆలంకారికులు అతిశయోక్తిని అలంకారములలో చేర్చిరి. తోలుబొమ్మలాటలో రావణుని పది తలలు తెరపై అల్లాడునప్పుడు, ఆ మెడకు బరువెట్లాగెనని ఎవరును అడుగరు. అయినను అతిశయమెల్ల రసము కాదు. నగరములు కూలుచుండగా ఒక్కడును ఏడ్వని సినిమాలు కలవు. చచ్చినవారికి పేరుండదు, కొట్టినవానికి కారణముండదు. అట్టివి నాకును రుచింపవు. ఇవన్నియు పిల్లలకు తగినవియు కావు. రక్తపాతము మితిమీరినవి కొన్ని కలవు. ఏది తగునో పెద్దలే చూడవలెను.

కావున నా విన్నపమిది. మనుమడు చూచుచుండగా ఒకనాడు ప్రక్కన కూర్చుండుడు. ఆ వీరుడెందులకు పోరాడుచున్నాడని అడుగుడు. వాడు కథలోని దుఃఖమును చెప్పగలిగినచో, ఆ సినిమా వానికేదో నేర్పుచున్నదని నమ్మవచ్చును. దెబ్బల లెక్క మాత్రమే చెప్పినచో మరియొక కథను చూపుడు. 1992లో యుగో సాకో అను జపానీయుడు మన దేశపు రామ్ మోహన్ గారితో కలిసి శ్రీరామకథనే ఇట్టి బొమ్మల సినిమాగా తీసెను. ఇంటిల్లిపాది కూర్చుండి చూడదగినది. అడుగకయే ఛీకొట్టినచో పిల్లవాడు ఆ సినిమాలను మానడు. వానిని గూర్చి మీతో మాటాడుట మానును.