అచ్చుకు కూర్చిన తెలుగు వేరొక కంప్యూటరులో ఏల చెడును?



మన గ్రామములలో స్థలపురాణములను, దేవాలయ చరిత్రలను, వంశవృక్షములను, దాతల పట్టికలను ఎవరో ఒకరు శ్రద్ధతో వ్రాయించి చిన్న పుస్తకములుగా అచ్చువేయించుట చాలకాలముగా ఉన్న ఆచారము. సంగం ఆనకట్ట క్రింది కాలువల వెంబడి ఉన్న గ్రామములలోను ఇట్టి పుస్తకములు పలువురి యిండ్ల పెట్టెలలో నున్నవి. 1990వ సంవత్సరము తరువాత వెలువడినవానిలో పెక్కు సీసపు అక్షరములతో కాక కంప్యూటరులో కూర్చబడినవి. ప్రతులు చెల్లిపోవును. మరల అచ్చువేయింపవలెనని పెద్దలు తలపెట్టుదురు. "ఫైలు ఉన్నది గదా, మరల కూర్చనేల?" అని పాత డిస్కును తెచ్చి క్రొత్త కంప్యూటరున కెక్కింతురు. అప్పుడు ఫైలు అసలే తెరచుకొనకపోవచ్చును. తెరచుకొన్నను తెలుగునకు మారుగా ఇంగ్లీషు అక్షరములు, డాలరు గుర్తులు, ఏ భాషకును చెందని కొక్కెములు కానవచ్చును. ఇట్లేల జరుగునో, పోయినదనుకొన్న పుటను ఏ విధమున మరల సంపాదింపవచ్చునో నేడు మనవి చేసెదను.

సీసపు అక్షరముల కాలము నెరిగినవారు మీలో చాలమంది కలరు. కంపోజిటరు ముందు గళ్లుగళ్లుగా నున్న టైపు కేసు ఉండెడిది. ఏ గడిలో ఏ అక్షరమున్నదో అతని చేతికి తెలియును. కన్ను చూడకయే చేయి పోవుచుండెను. ఇప్పుడొక వింత యజమానిని ఊహింపుడు. అతడు వ్రాతప్రతి నియ్యక, "మూడవ వరుస ఐదవ గడి, ఏడవ వరుస రెండవ గడి" అని గళ్ల సంఖ్యలు మాత్రమే వ్రాసి యిచ్చినాడనుకొందము. తన అచ్చుకూటములో ఆ సంఖ్యలతో చక్కని తెలుగు వచ్చును. అదే చీటీని వేరొక అచ్చుకూటమునకు పంపినచో, అచ్చట గళ్ల అమరిక వేరు గనుక, వచ్చునది అర్థములేని అక్షరముల కుప్ప. చీటీలో తప్పు లేదు. కంపోజిటరును తప్పుపట్టుటకును లేదు. చీటీలో భాష లేకపోవుటయే తప్పు.

మన పాత తెలుగు ఫైళ్లు సరిగా అట్టి చీటీలే.

ఆనాటి ఫాంటులో మొత్తము 256 గళ్లు మాత్రమే. వానిలో కొన్ని యంత్రపు సొంత అవసరములకు పోగా మిగిలినవి సుమారు 200. మన హల్లులను గుణింతములతోను ఒత్తులతోను కూడి లెక్కించినచో రూపములు వేలకొలది అగును. అందుచేత ఫాంటు చేసినవారు అక్షరములను ముక్కలు చేసిరి. తలకట్టు ఒక గడిలో, గుడి ఒక గడిలో, కొమ్ము మరొక గడిలో, ఒత్తులు వేరొకచోట నుంచిరి. టైపు చేయువాడు నొక్కిన మీటలను బట్టి ఒక చిన్న సాధనము ఆ ముక్కలను ఒకదాని ప్రక్క నొకటి అతికించుచుండెను. ఇది మిక్కిలి నేర్పుగల పని; ఆ నేర్పు లేనిదే ఆ దశాబ్దములలో తెలుగు పత్రికలును పుస్తకములును అంత చవుకగా, అంత త్వరగా వెలువడియుండవు. అయితే అను, శ్రీలిపి మొదలైన ఒక్కొక్క ఫాంటు కుటుంబము తన గళ్లను తనకు తోచినట్లు అమర్చుకొన్నది. భారతీయ లిపుల కన్నింటికి ఒక ఉమ్మడి సంకేతమును భారత ప్రమాణముల సంస్థ 1991లో నిర్ణయించినను, అచ్చుపనివారికి అది అక్కరకు రాలేదు. అక్షరములను తర్కక్రమమున నిలువచేయుట ఆ సంకేతపు పద్ధతి. పుటలు కూర్చు సాఫ్టువేరులకు అట్టి అక్షరములను తెలుగు రూపమునకు తెచ్చు విద్య ఆనాడు లేదు.

ఆ 1991లోనే యూనికోడు మొదటి కూర్పు వెలువడినది. అందు లోకమునందలి లిపులకు వేర్వేరు సంఖ్యలు కేటాయించిరి. తెలుగునకు 3072 మొదలు 3199 వరకు 128 స్థానములు వచ్చినవి. 'స' అనగా 3128. సున్న 3074. 'గ' 3095. అనగా 'సంగం' అను ఊరిపేరు 3128, 3074, 3095, 3074 అను నాలుగు సంఖ్యలు. విండోసు గాని మాకింటాషు గాని లినక్సు గాని, చేతనున్న ఫోను గాని, నెల్లూరులో నున్నను అమెరికాలో నున్నను ఆ నాలుగు సంఖ్యలు 'సంగం' అనియే చదువబడును. ఇచ్చట సంఖ్య గడిది కాదు, అక్షరముది. రూపము నెట్లు గీయవలెనన్నది ఫాంటు చూచుకొనును. విండోసులో 2001 నాటి ఎక్స్.పి. కూర్పుతో గౌతమి అను తెలుగు ఫాంటు వచ్చినది. అయినను అచ్చుకూటములు పాత పద్ధతిని చాలకాలము విడువలేదు. చేయి అలవాటుపడిన మీటల వరుస, వందలకొలది అందమైన ఫాంటులు, అన్నిటికంటె ముఖ్యముగా పేజిమేకరు, వారిని అచ్చటనే నిలిపినవి.

పేజిమేకరును గూర్చి కొంత చెప్పక తప్పదు. అది 1985లో మాకింటాషు కొరకు పుట్టినది. 1987లో విండోసునకు వచ్చినది. ఆల్డస్ అను కంపెనీ దానిని చేసినది. 1994లో ఆ కంపెనీ అడోబిలో కలిసినది. 2001లో వచ్చిన 7వ కూర్పే చివరి పెద్ద కూర్పు. లినక్సునకు అది ఎన్నడును రాలేదు. పుటలో ఏ పేరా ఎచ్చట నుండవలెను, ఏ చిత్రము ఎంత వెడల్పు, ఏ వరుసకు ఏ ఫాంటు అను సంగతులన్నియు అది తన సొంత పద్ధతిలో మూటగట్టుకొనును. ఆ మూట విప్పుట యితర సాఫ్టువేరులకు సులభము కాదు. అడోబి వారిదే యైన ఇన్‌డిజైను 2012 నాటి సి.ఎస్.6 కూర్పు వరకు పేజిమేకరు 6, 7 కూర్పుల ఫైళ్లను తెరచినది. ఆ తరువాతి కూర్పులు తెరువవు. తెలుగు యూనికోడును చక్కగా అమర్చు శక్తియు ఇన్‌డిజైనునకు ఆ సి.ఎస్.6 తోడనే వచ్చినది. పాత ద్వారమును క్రొత్త ద్వారమును ఒకే గోడలో నుండినది ఆ యొక్క కూర్పుననే యని నా తలంపు. అట్టి ప్రతి కొన్న అచ్చుకూటము మీకు తెలిసియున్నచో ముందుగా అచ్చటికే పొండు.

కావున తాళములు రెండు. మూట విప్పుట మొదటిది. విప్పినపిదప సంఖ్యలను తెలుగుగా చదువుట రెండవది. జనులు "వేరే యంత్రము, వేరే ఆపరేటింగు సిస్టము, అందుకే రాలేదు" అని మొదటి తాళమునే నిందింతురు. నా అనుభవమున రెండవదియే గట్టిది.

ఒక ఉదాహరణము. పెన్నకు దక్షిణమున నున్న ఒక గ్రామమువారు తమ ఆలయ చరిత్రను 1998లో కూర్పించిరి. చివర దాతల పేర్లు, వారిచ్చిన స్థలము ఎన్ని అంకణములు, మాన్యపు భూముల సర్వే నెంబర్లు అన్నియు ఉన్నవి. అచ్చు పుస్తకమున కడపటి నాలుగు పుటలు చెదలు తినినవి. ఒక హద్దు విషయమై ఆ పుటలే కావలసివచ్చినవి. ఫైలున్నది, తెచ్చి నాకిచ్చిరి. నా యొద్ద నున్నది లినక్సు యంత్రము. లిబ్రెఆఫీసు అను ఉచిత సాఫ్టువేరు 2015లో వచ్చిన 4.4వ కూర్పు నుండి పేజిమేకరు ఫైళ్లను తెరువగలదు. తెరచితిని. పుటల చట్రములు వచ్చినవి, గోపురము చిత్రము వచ్చినది, అక్షరములు మాత్రము రాలేదు. ఒక దాత పేరు నడుమ ½ అను భిన్నపు గుర్తు కానవచ్చినది. దానిని చూచి ఒక పెద్దమనుష్యుడు, "అర అంకణమేమో" అనిరి. అది భూమి కొలత కాదు. ఆ సంఖ్యగల గడిలో ఇంగ్లీషు ఫాంటు భిన్నమును ఉంచగా, తెలుగు ఫాంటు ఒక ఒత్తును ఉంచినది. అంతియే.

అప్పుడు వారిని అడిగినది ఒక్కటే: ఆ పుస్తకము కూర్చిన పాత కంప్యూటరు ఎచ్చటనైన నున్నదా? అదృష్టవశమున అది ఒకరి యింటి అటకపై నున్నది. దానితో కొన్న ఫాంటుల డిస్కు కూడ దొరికినది. ఫాంటును లినక్సులో ఉంచగానే తెలుగు తెర మీదికి వచ్చినది. పంక్తులు అచ్చటచ్చట విరిగినవి, పుటల పొందిక చెడినది; అది చిన్న మాట. పిదప ఆ ఫాంటు గళ్లకును యూనికోడు సంఖ్యలకును పొంతన కుదుర్చు మార్పిడి సాధనముతో పాఠమును మార్చితిమి.

మార్పిడి యనగానే పని ముగిసినదని తలపవద్దు. పాత ఫాంటులో ముక్కలు కంటికి కనబడు వరుసలో నుండును. 'క్ర' అను దానిలో రావడి కొన్ని ఫాంటులలో 'క'కు ఎడమప్రక్కన వచ్చును గనుక అదియే ముందు నిలువయగును. యూనికోడులో 'క', ఆపై హలంతపు గుర్తు, ఆపై 'ర' అను పలుకు వరుస. సాధనము ఆ వరుసను తిరుగవ్రాయవలెను. రెండు ఒత్తులు కలిసిన చోట్ల తరచుగా తడబడును. నడుమ నున్న ఇంగ్లీషు మాటలను గూడ తెలుగు ముక్కలుగా భావించి పాడుచేయును. చదువుకొన్న పిల్లవాడు "ప్రసాదు"ను దిద్దగలడు, ఆ మాట అతనికి తెలియును గనుక. ముత్తాతల నాటి ఇంటిపేరును, ఇప్పుడు వాడుకలో లేని చేనిపేరును దిద్దగలవారు మీరే. ఆ గ్రామమున ఇద్దరు వృద్ధులు మూడు దినములు కూర్చుండి ప్రూఫులు చూచిరి. సర్వే నెంబర్లను మాత్రము ఫైలును నమ్మి వదలక దస్తావేజులతో సరిచూచిరి; అదియే ఉచితము, ఏలయన 1998 నాటి కూర్పులోనే తప్పు పడియుండవచ్చును గదా.

పాత యంత్రము ఇంకను పనిచేయుచున్నవారికి దారి సులభము. ఆ యంత్రముననే ఫైలును తెరచి, ఫాంటులను లోపల పొదిగి పి.డి.ఎఫ్. చేయించుడు. అది ఎచ్చటనైనను అచ్చు వేసినట్లే కనబడును, మరల అచ్చుకును పనికివచ్చును. కాని దానినుండి పాఠమును ఎత్తి వేరొకచోట అంటించినచో మరల ఆ డాలరు గుర్తులే వచ్చును. ఒక పేరును వెదకినను దొరకదు. కావున యూనికోడు పాఠమును వేరుగా చేయించుకొనుట అవసరము. ఫాంటు పేరును, దాని కూర్పుసంఖ్యను కాగితముపై వ్రాసి ఉంచుడు. ఒక్కొక్క ఫాంటునకు మార్పిడి పట్టిక వేరు. ఫాంటును కొన్నవారి అనుమతి లేక తీసికొనిపోవుట న్యాయము కాదు. కొన్నిటికి తాళపుచెవి వంటి చిన్న పరికరము యంత్రమునకు తగిలించి యుండును. అదియు పోకుండ చూచుకొనవలెను.

యంత్రము పోయి, ఫాంటు దొరకక, అచ్చు పుస్తకము మాత్రము మిగిలినచో, నలుబది యేబది పుటల పుస్తకమునకు ఈ శ్రమ అంతయు వలదని నేననుకొందును. ఒక మంచి టైపిస్టు చేత యూనికోడులో మరల కొట్టించుట చవుక. పెద్ద గ్రంథమైనచో పుటలకు ఫోటోలు తీసి అక్షరములను గుర్తించు సాధనమునకు ఒప్పగింపవచ్చును. తెలుగును చదువగల టెసరాక్టు అను ఉచిత సాధనము కలదు. దాని ఫలితమునకును ప్రూఫులు చూడవలసినదే.

పాత కంప్యూటరును పాత ఇనుము వ్యాపారికి తూచి యిచ్చునప్పుడు ఎవరును లోపలి ఫాంటులను తలపరు. యంత్రమునకు ఏమంత ధర రాదు. ఇచ్చుటకు ముందు దానిలోని ఫాంటులు అను పేరుగల సంచిని, పుస్తకముల ఫైళ్లను ఒక చిన్న డిస్కునకు ఎక్కించి, పైన ఊరిపేరు, పుస్తకము పేరు, సంవత్సరము వ్రాసి, గ్రామ గ్రంథాలయమున నొకటి, ఎవరైన బాధ్యతగల యువకుని యొద్ద నొకటి ఉంచుడు. ఒక పూట పని.