తప్పు జవాబు వెనుక ఉన్న లెక్క

ప్రాథమిక పాఠశాల తరగతిలో నవ్వు తెప్పించే పొరపాట్లు ఎన్నో జరుగుతుంటాయి. వాటికి కారణం పిల్లల తెలివితక్కువతనమేనా? ఈ పాఠంలో పరిశీలిద్దాం.

ముంబై నుంచి సూరత్ వెళ్లే రైలుమార్గంలో, ఉధ్నాకు ముందు వచ్చే స్టేషను భేస్తాన్. బట్టల పరిశ్రమను నమ్ముకుని తెలంగాణ నుంచి ఎన్నో నేత కుటుంబాలు సూరత్ చేరాయి. అక్కడి నగరపాలక సంస్థ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమంలోనూ ప్రాథమిక పాఠశాలలు నడుపుతూ వచ్చింది. ఇలాంటి చోట పెరిగే పిల్లవాడికి ఇంట్లో తెలుగు, వీధిలో గుజరాతీ, బజారులో హిందీ వినిపిస్తాయి. మూడు భాషలు ఒక బుర్రలో కలిసినప్పుడు ఏం జరుగుతుందో చూడండి.

మాటల తికమక

తెలంగాణ పిల్లలకు గురువంటే 'సారు'. గుజరాతీలో 'సారు' అంటే బాగున్నది అనీ, 'ఛే' అంటే ఉంది అనీ అర్థం. పలక చూపిన పిల్లవాణ్ణి గుజరాతీ ఉపాధ్యాయుడు 'సారు ఛే' అని మెచ్చుకున్నాడనుకోండి. ఆ భాష ఇంకా రాని పిల్లవాడి చెవికి 'ఛే!' అని ఛీకొట్టినట్టే ఉంటుంది. మెప్పు కాస్తా చీవాటయింది! అలాగే గుజరాతీలో 'చప్పు' అంటే చాకు. చాకు బొమ్మ చూపి ఆ మాట అంటే, మన పిల్లవాడు తన కాళ్లవైపు చూసుకుంటాడు.

అంకెల తారుమారు

తెలుగులో 'ఇరవై ఒకటి' అంటాం. ముందు పదులు, తరువాత ఒకట్లు. విన్న వరుసలోనే రాస్తే 21 వస్తుంది. గుజరాతీలో అదే సంఖ్య 'ఏకవీస్'. ఇందులో ఒకటి ముందు, ఇరవై తరువాత. విన్న వరుసలోనే రాసిన పిల్లవాడు 12 వేస్తాడు. ఇక 39ని 'ఓగణచాలీస్' అంటారు. అంటే నలభైకి ఒకటి తక్కువ. 'చాలీస్' వినగానే పిల్లవాడు 4 వేశాడంటే ఆశ్చర్యమేముంది?

పొరపాటు, దోషం

బ్రిటిష్ భాషాశాస్త్రవేత్త పిట్ కార్డర్ 1967లో రాసిన ఒక వ్యాసంలో ఈ రెండింటికీ తేడా చూపాడు. తొందరలో నోరు జారితే అది పొరపాటు, మనమే దిద్దుకోగలం. ఒకే తీరున మళ్లీ మళ్లీ వచ్చేది దోషం. నేర్చుకునేవాడు తనకు తానుగా ఏ నియమం కట్టుకున్నాడో అది బయటపెడుతుంది. మన పిల్లవాడు 31ని 13గా, 32ని 23గా కూడా రాస్తే, అతను గుడ్డిగా రాయడం లేదన్నమాట. తెలుగు నియమాన్ని గుజరాతీకి అన్వయిస్తున్నాడు.

ఈ తేడా తెలియకపోతే నష్టమేమిటి? తరగతి అంతా గొల్లుమంటే ఆ పిల్లవాడు మర్నాటి నుంచి నోరు మెదపడు. నోరు మెదపనివాడి దోషం బయటికి రాదు. రాని దోషాన్ని ఏ ఉపాధ్యాయుడూ దిద్దలేడు. 'ఎలా రాశావు నాయనా?' అన్న ఒక్క ప్రశ్న చాలు, దారి దొరుకుతుంది. బోధన సాధ్యమైనంతవరకు మాతృభాషలో ఉండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం చెప్పింది. పిల్లవాడు తన ఆలోచనను విప్పి చెప్పగలిగేది ముందుగా ఆ భాషలోనే కదా!

మీరే చేసి చూడండి: మీ ఇంట్లోని చిన్నపిల్లలు చేసే ఒక తప్పును వారంపాటు రాసిపెట్టండి. అది ఒకే తీరున వస్తున్నదా? అయితే దాని వెనుక ఉన్న నియమం ఏమిటో కనిపెట్టండి.